ఎర్రన్న పక్క సీటు

బోధన్ బస్టాండు బయటి నుంచి ఎడపల్లికి నడిచే షేర్ ఆటోల్లో ఎర్రన్న ఆటో ఒక్కటే ఎంతమంది ఎక్కినా నిండేది కాదు. వెనక సీట్లో ముగ్గురు, వాళ్లకెదురుగా చెక్క మీద ఇద్దరు, డ్రైవరుకు కుడి పక్క ఒకరు కూర్చున్నాక కూడా ఎడమ పక్క ఒక మనిషి చోటు అట్లాగే ఉండేది. ఎవరైనా అక్కడ కాలు పెట్టబోతే ఎర్రన్న వెనకున్న ఆటో చూపించేవాడు.

ఆ చోటు అట్లా ఖాళీ పడకముందు ముప్పై ఏళ్లూ అతను పూర్తిగా వేరే మనిషి. నిండని ఆటో కదిలించడమంటే అతనికి పళ్లెంలో సగం అన్నం వదిలి లేచినట్టే. "ఒక్కరు, ఒక్కరే, ఎక్కితే పోతది" అనే అతని పిలుపు కూరగాయల మార్కెట్టు దాకా వినబడేది. ఆ ఒక్కరు దొరక్కపోతే లోపల చెమటలు కక్కుతున్న వాళ్లు కూడా తలలు బయటపెట్టి అతనితో కలిసి పిలిచేవారు. బస్టాండులో కూర్చుని పేపరు చదువుకుంటున్న మనిషిని ఒకసారి ఎక్కించుకుపోయాడని స్టాండులో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ మనిషికి ఎడపల్లిలో ఏ పనీ లేదు. చాయ తాగి తిరిగొచ్చాడు.

ఎడమ పక్క చోటు హన్మవ్వది, అంటే ఎర్రన్న భార్యది. రోజూ పొద్దున గాజుల మలారం ఒళ్లో పెట్టుకుని ఎడపల్లిలో అమ్ముకోవడానికి అదే ఆటోలో పోయేది. ఇరవై ఏళ్లపాటు ఆమె ఆ రోడ్డును చదివి వినిపించింది. గుంత వస్తే గుంత అనేది, బర్రె వస్తే బర్రె అనేది, పోలీసు కనబడితే గొంతు తగ్గించి పోలీసు అనేది. ఎర్రన్న కళ్లు మొహానికి అందం కోసమే ఉన్నాయని ఆమె నమ్మకం. పోయిన ఏడాది వానాకాలంలో మూడు రోజుల జ్వరంతో హన్మవ్వ పోయింది. దినాలయ్యాక ఆటో తీసిన మొదటి రోజు ఎర్రన్న ఒక్క గుంతా వదలలేదు. ఎక్కినవాళ్లు పక్కటెముకలు పట్టుకుని దిగారు. ఆ రోజు నుంచే ఆ చోటు ఖాళీ.

స్టాండు ప్రెసిడెంటు ఆత్మారాం కొన్నాళ్లు ఓపిక పట్టి, తర్వాత నలుగురిలో అడిగాడు.

"ఎర్రన్నా, గా సీటుకు రిజర్వేషన్ ఇంకెన్ని దినాలే?"

"ఎత్తేసినప్పుడు జెప్త తీ," అన్నాడు ఎర్రన్న.

హన్మవ్వకు ఒక్క కోరిక మిగిలిపోయింది. హైదరాబాదు అవతల ఉన్న పార్కులో పట్టాల మీద ఎగిరి దూకే రోలర్ కోస్టర్ బండిని ఆమె టీవీలో చూసింది. దాని మీద ఇద్దరం కూర్చుందామని పట్టుబట్టింది. అంతకంటే ఎక్కువ ఎగురుడు ఎడపల్లి రోడ్డు మీద రోజూ ఉంది కదా అని ఎర్రన్న వాదించాడు. "గాడ గుంతలు జెప్పే పనుండది. నోరు మూసుకొని కూసుంట," అంది హన్మవ్వ. ఆమె నోరు మూసుకోవడం చూడటానికైనా తీసుకుపోతానని ఎర్రన్న మాటిచ్చాడు.

మొన్న ఫిబ్రవరిలో స్టాండు వాళ్లంతా కుటుంబాలతో అదే పార్కుకు బస్సు కట్టించుకున్నారు. ఎర్రన్న ఇద్దరికి పేరిచ్చాడు. ఆత్మారాం అతని మొహం చూసి, ఏమీ అడగకుండా ఇద్దరనే రాసుకున్నాడు. పార్కు గేటు దగ్గర చేతికి కట్టే పసుపు పట్టీలు రెండు ఇచ్చారు. ఒకటి మణికట్టుకు కట్టించుకుని రెండోది మడిచి జేబులో పెట్టుకున్నాడు ఎర్రన్న. అతను అనుకున్నది ఒక్కటే. పక్క సీటు ఖాళీగా ఉంచి, ఆ బండి మీద ఒక్కసారి తిరిగి రావాలి. బస్సు అయిదింటికి కదులుతుంది.

ఆత్మారాం గ్రూపు ఫోటోలకే సగం రోజు గడిచిపోయింది. ఎర్రన్న లైన్లో నిలబడేసరికి మూడున్నర, ముందుకు చేరేసరికి నాలుగుంబావు. అక్కడ శ్రీవాణి అనే అమ్మాయి మెడలో ఈల వేసుకుని మనుషులను లెక్కపెట్టి పంపుతోంది. ఎంతమంది అని అడిగింది. ఇద్దరమన్నాడు. రెండో వాళ్లేరి అంటే జేబులోంచి పట్టీ తీసి చూపించాడు. ఆమె పట్టీని చూసి, అతణ్ని చూసి, మెల్లగానే చెప్పింది. వెనక ఇంతమంది ఉండగా రాని మనిషి కోసం సీటు ఆపి ఉంచకూడదట. ఒంటరిగా వచ్చినవాళ్లకు పక్కన వేరే లైనుంది, అందులో అయితే వెంటనే ఎక్కొచ్చు, కాకపోతే ఎక్కడ సీటు మిగిలితే అక్కడే ఎవరి పక్కనో కూర్చోవాలి. ఎర్రన్న ఒప్పుకోలేదు. అలాగని వెనక్కీ పోలేదు. కటకటాలు పట్టుకుని పక్కన నిలబడ్డాడు.

అక్కడి నుంచి చూస్తే బండి కదలడం కనబడుతోంది. వరసకు రెండు సీట్లు. ముగ్గురొస్తే ఇద్దరు ఒక వరసలో, మూడోవాడు ఇంకో వరసలో ఒక్కడే. అయిదుగురొచ్చినా అంతే. ఒంటరి వాళ్ల లైన్లో నరపురుగు లేదు. మొదటి బండి రెండు సీట్లు ఖాళీగా పోయింది. ఎర్రన్న మొహం తిప్పుకున్నాడు. రెండోది మూడు ఖాళీలతో పోయింది. అరచేతులు దురద పెట్టాయి. మూడోది నాలుగు ఖాళీలతో కదలబోతుంటే అతని గొంతు అతణ్ని అడక్కుండానే తెరుచుకుంది.

"ఒక్కరు, ఒక్కరే! ఎక్కితే పోతది!"

లైను లైనంతా తిరిగి చూసింది. ఎర్రన్న అప్పటికే లైను మధ్యలోకి పోయి ఒక కాలేజీ పిల్లవాణ్ని స్నేహితుల నుంచి విడదీశాడు. పెళ్లాం రానని మొరాయిస్తుంటే ఎటూ తేల్చుకోలేని మొగుణ్ని భుజం పట్టి నడిపించాడు. బండ్లు నిండిపోసాగాయి. ఆపడానికి వచ్చిన శ్రీవాణి, లైను సాగడం చూసి నోటి దాకా తెచ్చిన ఈల వదిలేసింది. ఇద్దరు బక్క పిల్లల మధ్య "జెర జరుగున్రి" అంటూ మూడోవాణ్ని కుక్కబోయినప్పుడు మాత్రం గట్టిగా అడ్డుపడింది.

అయిదింటికి పది నిమిషాలుండగా ఆత్మారాం ఫోను చేసి, బస్సు స్టార్టయిందని చెప్పాడు. ఎదురుగా బండి నిలబడి ఉంది. ముందు వరసలో పంచె కట్టుకున్న ఒక పెద్దాయన పక్క సీటు తప్ప అంతా నిండింది. లైన్లో మిగిలినవన్నీ జంటలే.

"అంకుల్," అంది శ్రీవాణి, "ఒక్కరు. ఒక్కరే."

ఎర్రన్న చెయ్యి జేబు మీదికి పోయింది. బండిలో వాళ్లంతా అతణ్నే చూస్తున్నారు. ఆ చూపులు అతనికి ముప్పై ఏళ్లుగా తెలుసు, ఒక్కరి కోసం ఆగిన ఆటోలోంచి వచ్చే చూపులు. పోయి కూర్చున్నాడు. ముందు వరస సీటు కాబట్టి డ్రైవరు పక్కదే అయ్యుంటుందని అటూ ఇటూ చూశాడు.

"డ్రైవరేడమ్మా?"

డ్రైవరుండడని ఆమె చెప్పింది. దిగబోయాడు గాని అప్పటికే ఇనుప కడ్డీ ఒళ్లో పడింది.

పెద్దాయన పేరు వీరరాఘవయ్య. భయంతో మాటలు ఆగడం లేదు. "మా ఆవిడ రానందండీ. కింద సంచులు పట్టుకుని కూర్చుంది."

"మా ఆమె గూడ రాలె," అన్నాడు ఎర్రన్న.

"భయమా అండీ?"

"ఆమెకా? ఇరవయ్యేండ్లు నా ఆటో ఎక్కింది. ఆమెకేం భయం."

బండి టకటకమంటూ పైకెక్కి కొన మీద ఒక్క క్షణం ఆగింది. కింద పట్టా కనబడలేదు. ఎర్రన్న నోట్లోంచి హన్మవ్వ మాట హన్మవ్వ గొంతుతోనే ఊడిపడింది.

"గుంత!"

అక్కడి నుంచి ఆపలేదు. మలుపంటే మలుపు, గుంతంటే గుంత, ఎదురుగా స్తంభం వస్తే బర్రె అన్నాడు. కుడికాలు లేని బ్రేకును తొక్కుతూనే ఉంది. వీరరాఘవయ్య కళ్లు మూసుకుని, ఎర్రన్న మణికట్టు రెండు చేతులా పట్టుకుని, ప్రతిమాటకూ ముందే సర్దుకుని కూర్చున్నాడు.

బండి ఆగింది. "చక్కగా చెప్పారండీ," అన్నాడు పెద్దాయన. "ముందే తెలిస్తే ఎంత ధైర్యమో." ఎర్రన్న భుజం మీది తువ్వాలతో మొహమంతా తుడుచుకున్నాడు, చెమటే అన్నట్టు.

బస్సులో అందరూ తిట్టారు. కాలెందుకు ఈడుస్తున్నావని ఆత్మారాం అడిగితే, గా బండికి బ్రేకు సరిగ్గ లేదన్నాడు.

సోమవారం పొద్దున ఎర్రన్న ఆటో ఎప్పటిలా నిండీ నిండకుండా నిలబడింది. నెత్తిన మూటతో ఒకామె ఉరుక్కుంటూ వస్తుంటే ఆత్మారాం అలవాటు కొద్దీ వెనక ఆటో చూపించాడు. ఎర్రన్న తువ్వాలతో ఎడమ పక్క చోటు దులిపాడు. అటువైపు కడ్డీకి పసుపు పట్టీ కట్టి ఉంది.

"కూసో అక్కా. గది పట్టుకో. గుంతలొస్తే జెప్పాలె మల్ల."

మొదటి గుంత ఆమె చెప్పలేదు. రెండోది ఆటో ఎగిరాక చెప్పింది. ముందుగాల జెప్పాలె అని ఎర్రన్న గొణిగాడు. ఎడపల్లి ఇంకా కనుచూపు మేరలోకి రాకముందే, ఆమె పట్టీ గట్టిగా పట్టుకుని, ముందుకు వంగి, రోడ్డంతా వినబడేలా అరిచింది.

"బర్రె!"