కుదుపు తీసేసిన రైలు

శనివారం పొద్దున్నే ఆరు గంటలకు బర్మింగ్‌హామ్‌లో న్యూకాసిల్ రైలెక్కాను. అల్లుడికి ఆసుపత్రి డ్యూటీ ఉండటంతో అమ్మాయే కారులో దింపింది. వెనక సీట్లో నిద్రకళ్లతో కూర్చున్న మనవరాలు "తాతా, హావ్ యూ గాట్ యువర్ రైల్‌కార్డ్?" అని మూడుసార్లు అడిగింది. అరవై దాటినవాళ్లకు ఇక్కడ ఆ కార్డు ఇస్తారు, టికెట్టులో మూడో వంతు తగ్గుతుంది. నెల ముందే కొనుక్కుంటే ఇంకా చవక. ఈ దారిన వెళ్లాలనుకునేవాళ్లు ఆ రెండూ మర్చిపోవద్దు. టీ మాత్రం ఇంటినుంచి ఫ్లాస్కులో తీసుకెళ్లండి.

నేను చూడబోయేది ఓడిపోయిన రైలు. గెలిచిన రైళ్లకు ఈ దేశంలో మ్యూజియాలు బోలెడున్నాయి. ఇది అలాంటిది కాదు. పేరు 'హెరన్', అంటే కొంగ. రెండో ప్రపంచయుద్ధం అయిపోయి కొత్త కాలం వచ్చిందని చాటడానికి కట్టారట. పొడుగాటి ముక్కు, బూడిద రంగు, గాలికి ఎక్కడా అడ్డుపడని నున్నటి ఒళ్లు. ఫొటోలో చూస్తే కళ్లు తిప్పుకోలేం. నడక మాత్రం కుంటిగుర్రం నడక. కుదుపులకు జనం హడలెత్తిపోయి ఎక్కడం మానేశారు. కొన్నేళ్లకే పక్కన పెట్టి తుక్కు చేశారు. భోజనాల పెట్టె ఒక్కటి మిగిలింది. అదైనా ఒక రైతు చక్రాలతో సహా కొనుక్కుని, పొలంలో కోళ్లగూడుగా వాడుకోబట్టి.

నాకు దీనితో సంబంధం ఎలా కలిసిందో చెప్పాలి. సికింద్రాబాద్‌లో రైలు పెట్టెలు బాగుచేసే షెడ్డులో ముప్పై నాలుగేళ్లు ఫిట్టరుగా చేసి రిటైరయ్యాను. మా అల్లుడి స్నేహితుడు సుధీర్ న్యూకాసిల్‌లో డాక్టరు, గుంటూరు అబ్బాయి. సెలవు దొరికితే చాలు, పాత రైళ్లకు గ్రీజు పూసే గుంపులో చేరిపోతాడు. కోళ్లగూడును మళ్లీ రైలు పెట్టె చేసింది వీళ్లే. గడిచిన వసంతంలో వీడియో కాల్ చేసి, "అంకుల్, మా పెట్టె తాగినోడిలా ఊగుతోందండీ. ఇట్లయితే ప్యాసింజర్లని ఎక్కించనియ్యరు" అన్నాడు. నేల మీద గ్లాసు నిండా నీళ్లు పెట్టి నెమ్మదిగా నడపమన్నాను. మా షెడ్డులో మేం అలాగే చూసేవాళ్లం. యార్డు చివరికి చేరేలోపే గ్లాసు సగమైంది. కింద చక్రాలుండే చట్రానికీ పెట్టెకూ మధ్య పక్క ఊపును పట్టి ఆపే డాంపర్లు అసలు లేవు. కట్టినవాళ్లు పెట్టనే లేదు. తుక్కు పెట్టెల్లోంచి నాలుగు తీసి ఎక్కడ బిగించాలో రోజూ ఫోనులో చెప్పాను. తర్వాత అదే గ్లాసు చుక్క తొణకలేదు. తొలి ప్రయాణానికి ముఖ్య అతిథిగా రమ్మని ఉత్తరం వచ్చింది. నేను ఉబ్బితబ్బిబ్బయ్యానని వేరే చెప్పాలా?

డార్లింగ్‌టన్ దాటాక ఇడ్లీ డబ్బా తీశాను. ఎదుటి సీట్లో స్వెట్టరు అల్లుకుంటున్న పెద్దావిడ "అది కేకా?" అని అడిగింది. ఒకటి చేతిలో పెడితే సగం తిని, "ఇంత సాత్వికమైన కేకు నేనెప్పుడూ తినలేదు" అంది. తొమ్మిదిన్నరకు రైలు టైన్ నది మీది వంతెన ఎక్కింది. కింద పొగమంచు, దానికింద నీళ్లు. ఈ ఒక్క నిమిషం కోసమైనా కుడివైపు కిటికీ సీటు పట్టుకోవాలి.

సుధీర్ స్టేషనుకు రావాల్సింది. ఫోను చేశాడు. "సారీ అంకుల్, డ్యూటీ రోటా మార్చేశారు. నైటు దిగి నేరుగా లైను కాడికే వచ్చేస్తా. మీరు పది పది బస్సెక్కెయ్యండి, చివరి స్టాపే." బస్సు గంటసేపు పడుతుంది. ఊళ్లు పోయి కొండలు వచ్చాయి, కొండల మీద గొర్రెలు వచ్చాయి.

ముందు సీట్లో ఒక ముసలాయన, పక్కన ఆయన కూతురు. ఆయనకు ఎనభై నాలుగేళ్లట, పేరు రోనాల్డ్. మడత నలగని కోటు తొడుక్కుని, ఒళ్లో తువ్వాలు చుట్టిన కప్పూ సాసరూ పెట్టుకున్నాడు. కప్పు మీద కొంగ బొమ్మ. ఎక్కడికని అడిగితే హెరన్ చూడటానికే అన్నాడు.

"అందులో టీ అందించేవాణ్ని. పంతొమ్మిదేళ్లు నాకప్పుడు."

"మీరు అడక్కుండా ఉండాల్సింది" అని నవ్వింది కూతురు జానెట్. స్కూలు క్యాంటీన్‌లో పిల్లలకు వడ్డించే ఉద్యోగం ఆమెది.

కథ ఇంతే. ఒకరోజు ఒక పెద్ద అధికారి ఒళ్లో మరిగే టీ ఒలికింది. ఆయనకు తొడ కాలింది. ఆ వారంలోనే రోనాల్డ్ ఉద్యోగం తీసేశారు. కాగితం మీద 'చెయ్యి నిలకడ లేదు' అని రాసి ఇచ్చారు. ఆ కాగితం చూశాక ఏ హోటలువాడూ వడ్డనకు పెట్టుకోలేదు. మిగిలిన జీవితమంతా బిస్కెట్ల ఫ్యాక్టరీలో అట్టపెట్టెలు అంటించాడు.

"రైలే నా చెయ్యి తోసింది. ఇవాళ మా అమ్మాయి చూస్తుంది" అన్నాడు.

జానెట్ నావైపు వంగి గొంతు తగ్గించింది. "నాకు ఊహ తెలిసినప్పటినుంచీ నాన్న చేతులు వణుకుతూనే ఉన్నాయి. పాపం, తప్పు రైలు మీద పెట్టుకుని బతికాడు."

ఆడలేక మద్దెల ఓడు అన్నారు గదా అని నేనూ లోపల నవ్వుకున్నాను. నేనెవరో చెప్పలేదు. అక్కడ సన్మానంలో వాళ్లకే తెలుస్తుందిలే అని మురిసిపోతూ కూర్చున్నాను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది.

పదకొండుంబావుకు దిగాం. మూడు మైళ్ల పాత బొగ్గు లైను, ఒక రేకుల షెడ్డు, ఒక టీ గది. కొంగ పెట్టె ప్లాట్‌ఫారం పక్కన ఎండలో మెరుస్తోంది. కోళ్లు గోకిన గీతలు తలుపు కింద ఒకచోట అలాగే ఉంచారు. అది నాకు నచ్చింది. సుధీర్ ఎర్రకళ్లతో ఎదురొచ్చి నా సంచి అందుకున్నాడు. గుంపు పెద్ద మార్గరెట్ రిటైరైన టీచరు. సన్మానంగా నా తలకు రైల్వే టోపీ పెట్టి, అందరికీ కరపత్రాలు పంచి మాట్లాడింది.

"ఈ రైలుకు చెడ్డపేరు అన్యాయంగా వచ్చింది. కుదుపులన్నవి పత్రికలు పుట్టించిన పుకార్లు. ఇవాళ మీరే తెలుసుకుంటారు."

కరపత్రంలోనూ అదే వాక్యం. అందరితోపాటు నేనూ చప్పట్లు కొట్టాను. డాంపర్ల సంగతి ఆమె 'చిన్న మరమ్మతు' అంది. పుకారని రాసిన వాక్యం మీద నా కళ్లు పడ్డాయిగానీ మనసు నిలవలేదు.

పన్నెండున్నరకు బండి కదిలింది. లోపల తేనెరంగు చెక్క, వంపు తిరిగిన కిటికీలు, ప్రతి బల్ల మీదా చిన్న దీపం. పెట్టె పాలమీద మీగడలా జారిపోతోంది. రోనాల్డ్ లేచి, ఒక్క కప్పు తాను అందించవచ్చా అని అడిగాడు. గోరువెచ్చని టీ అయితే సరేనంది మార్గరెట్. తన కప్పు తీసి, వీపు నిటారుగా పెట్టి, జానెట్ బల్ల దగ్గరికి నడిచి, కెటిల్ వంచాడు. చెయ్యి వణికింది. సగం టీ సాసర్లో, సగం తెల్లగుడ్డ మీద.

పెట్టె మాత్రం ఇసుమంతైనా కదల్లేదు. అది అందరూ చూశారు.

"పర్లేదు నాన్నా. నీ చేతుల సంగతి మనకు తెలిసిందే కదా" అని జానెట్ ప్రేమగానే గుడ్డ తుడిచింది. ఆయన కూర్చుని, రెండు చేతులూ బల్ల కిందికి పెట్టుకున్నాడు. "నాకప్పుడు పంతొమ్మిదేళ్లు" అన్నాడు.

ఆయన అరవై ఏళ్ల పైచిలుకు ఎదురుచూసిన సాక్ష్యం ఈ పెట్టె కింద ఉండేది. దాన్ని మాయం చేసింది నేను. పైగా టోపీ పెట్టించుకున్నాను.

"సుధీర్, నేనీ మాట చెప్పాలె. నా ఇంగ్లీషు సరిపోదు. నువ్వు చెప్పు" అన్నాను.

"ఇప్పుడెందుకు అంకుల్? కరపత్రాలు కూడా ప్రింట్ చేయించిందండీ. ఆవిడ ఫీలవుద్ది."

"కానియ్. ఆమెకు పోయేది కాగితం. ఆయనకు పోయింది పేరు."

బండి ఆగాక లేచి నిలబడ్డాను. నేనన్నది సుధీర్ ఒక్క ముక్క వదలకుండా చెప్పాడు. వసంతంలో ఈ పెట్టెలో గ్లాసు నీళ్లు ఎలా ఒలికిపోయాయో చెప్పాను. మార్గరెట్ ముఖం ఎర్రబడింది.

"అది మరమ్మతే కదా?"

"మరమ్మతంటే ఉన్నది బాగుచేసుడు. ఇది పుట్టుకలోనే లేని అవయవం. నేను పెట్టించిన" అన్నాను. "పాత రోజుల్లో ఈ పెట్టెల నా చెయ్యి గూడ నిలబడకపోతుండె."

ఆ నాలుగు డాంపర్లూ విప్పితే పెట్టె మళ్లీ పుట్టినప్పటిలా అవుతుందనీ, అరగంట పని అనీ చెప్పాను. మార్గరెట్ పరీక్షల పుస్తకం తీసి, ప్రయాణికులు లేకుండా, యార్డు దాటకుండా ఒక పరీక్ష అని రాసి సంతకం పెట్టింది. నాకు ఆమె మీద గౌరవం కలిగింది.

రెండుంబావుకు మంచి చొక్కాతోనే పెట్టె కింద దూరాను. సుధీర్ టార్చి పట్టుకున్నాడు. మూడు గంటలకు లోపల ఐదుగురమే ఉన్నాం. రోనాల్డ్ ట్రే ముట్టుకోనన్నాడు.

"నువ్వు పట్టుకో" అని కూతురికిచ్చాడు. "మోకాళ్లు కొంచెం వంచు. కప్పును చూడొద్దు, దూరంగా చూడు. మా పెద్ద వెయిటరు అలాగే నేర్పాడు."

బండి కదిలింది. పిల్లల మధ్య ట్రేలు మోసి ఆరితేరిన మనిషి జానెట్. రెండడుగులు చక్కగా వేసింది. మూడో అడుగుకు పెట్టె పక్కకు ఒక్కటి కొట్టింది. టీ అంతా నా చొక్కా మీద. ఆమె మళ్లీ పోయించుకుంది. ఈసారి రెండడుగులు కూడా సాగలేదు.

ఎవరికీ నవ్వు రాలేదు. జానెట్ ఖాళీ కప్పు చూస్తూ సీటులో కూలబడింది. "నాన్నా" అంది. మార్గరెట్ మిగిలిన కరపత్రాల కట్ట తిరిగి సంచిలో పెట్టుకుని, కొత్త కరపత్రం కోసం రోనాల్డ్ ఇంటిపేరు అక్షరం అక్షరం అడిగి రాసుకుంది.

డాంపర్లు మళ్లీ బిగించాలి కదా. రేపటి ప్రయాణికుల మీద టీ పోయలేం. నేను ఆఖరి బోల్టు బిగించి బయటికొచ్చేసరికి రోనాల్డ్ ఒక్కడే అక్కడ నిలబడి ఉన్నాడు.

"ఊరందరికీ రైలుదే తప్పని చెప్పాను" అన్నాడు. "నేను మాత్రం నమ్మలేదు. కాగితమే నిజమనుకున్నాను. జానెట్ పుట్టినప్పుడు నర్సు చేతికివ్వబోతే వద్దన్నాను. పడేస్తానని భయం. నడక వచ్చేదాకా ఎత్తుకోలేదు."

గ్రీజు చేతులతోనే ఆయన చేతులు రెండూ పట్టుకున్నాను.

నాలుగూ ఇరవైకి బస్సు. జానెట్ తండ్రి చెయ్యి పట్టుకునే కూర్చుంది. న్యూకాసిల్ స్టేషనులో వాళ్లు వీడ్కోలు చెప్పి వెళ్లారు. ఐదూ నలభై రైలు ఖాళీగానే ఉంది. ఈ ప్రయాణం ఒక్కరోజులో హాయిగా అయిపోతుంది, లాడ్జి అవసరం లేదు. హెరన్‌ను తప్పక చూడండి, అందమైన పెట్టె. కానీ అది మెత్తగా నడిస్తే మోసపోకండి. ఓడిపోయిన వస్తువును భద్రపరిచేటప్పుడు అది ఎందుకు ఓడిందో కూడా భద్రపరచాలి. లేకపోతే దాని తప్పు ఎవరో ఒక పేదవాడి నెత్తిన ఉండిపోతుంది.

ఇంతవరకే రాసి ఆపితే నేను మంచివాడిగా మిగులుతాను. అది నిజం కాదు. పెట్టె మరీ ఊగుతోందని పాంట్రీ కారులో వడ్డించేవాళ్లు సికింద్రాబాద్‌లో మా షెడ్డుకూ చెప్పుకునేవారు. ఒలకబోశారని వాళ్లమీద ఫిర్యాదులు ఉండేవి. షిఫ్టు దిగే వేళకు అలాంటి పెట్టె వస్తే, కిందికి దూరకుండా, పైపైన చూసి, చాక్‌పీసుతో 'ఫిట్' అని రాసి పంపిన రోజులు నాకున్నాయి. ఆ 'ఫిట్' చూపించి, తప్పు వడ్డించేవాళ్లదేనని ఎవరెవరిని ఇంటికి పంపారో నేనెప్పుడూ అడగలేదు.