సూదితో లేపిన చిప్పు

అప్పట్లో మేం కర్నూలు పాత ఊళ్లో ఒక మేడ మీద అద్దెకుండేవాళ్లం. నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. నా భార్య ఎం.ఫిల్. చేస్తుండేది. కోసిగి వైపు నుంచి మిరప కోతలకు వలసపోయే ఆడవాళ్ల పాటలు ఆమె పరిశోధన విషయం. క్యాసెట్లలో పట్టుకొచ్చిన పాటలన్నీ కంప్యూటర్లోకి ఎక్కిస్తుంటే హార్డ్ డిస్కు నిండిపోయింది. పెద్దది కొని బిగిస్తే, అందులో సగమే కనపడింది.

నెట్ సెంటర్లో కూర్చుని వెతికితే కారణం తెలిసింది. మదర్‌బోర్డు మీద ఒక చిప్పు ఉంటుంది. స్విచ్ వేయగానే విండోస్ కంటే ముందు లేచి, తక్కిన భాగాలన్నిటినీ లేపే చిన్న ప్రోగ్రాం అందులో ఉంటుంది. దాన్ని బయాస్ అంటారు. అది పాతదైతే పెద్ద డిస్కుల్ని పూర్తిగా గుర్తుపట్టదు. కొత్తది ఊరికే దొరుకుతుంటే ఫ్లాపీలో ఎక్కించుకొచ్చాను.

"ఉన్న సగం చాలదా? బాగా నడిచేదాన్ని ఎందుకు కెలుకుతారు?" అంది ఆమె.

పది నిమిషాల పనేనన్నాను. కరెంటు కోత లేని వేళ చూసుకుని, ఆదివారం ఉదయం మొదలుపెట్టాను. ఈ ఫైలు మీ బోర్డుకు సరిపోకపోవచ్చు, అయినా ముందుకు పోవాలా అని తెర మీద ఒక ప్రశ్న వచ్చింది. అవునని వై నొక్కాను. అంతా అయిందని కూడా చూపించింది. ఆపి మళ్లీ వేస్తే లోపలి ఫ్యాను తిరిగింది కానీ, తెర నల్లగానే ఉండిపోయింది.

"మధ్యలో కరెంటు పోయి వచ్చినట్టుంది" అన్నాను.

ఆమె తలెత్తి పైకప్పు ఫ్యాను వైపు చూసింది. "ఫ్యాను తిరుగుతానే ఉండె గదా" అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

బోర్డు మీది బ్యాటరీ తీసి పెట్టాను. ర్యామ్ అనే మెమరీ పలక అంచుల్ని పెన్సిల్ రబ్బరుతో రుద్దాను. ఏమీ కాలేదు. అప్పుడు కనపడింది, బోర్డు అంచున సన్నటి అక్షరాల్లో ఉన్న రకం నంబరు. నేను తెచ్చిన ఫైలు ఆ తరువాతి రకానిది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. కంప్యూటరు కొన్న షాపు అతను ఆ బోర్డు ఇప్పుడు రావడం లేదన్నాడు.

దారి ఒకటే మిగిలింది. అలాంటిదే ఇంకో కంప్యూటరును దాని మంచి చిప్పుతో లేపి, లేచాక దానితో పని ఉండదు కాబట్టి నడుస్తుండగానే ఆ చిప్పు పీకి, చెడ్డదాన్ని అక్కడ పెట్టి మళ్లీ రాయాలి. అలాంటి కంప్యూటరు నాకు తెలిసి ఒక్కడి దగ్గరే ఉంది. ఓర్వకల్లులో బడిపంతులుగా ఉన్న నా స్నేహితుడు. ఇద్దరం ఒకే రోజు, ఒకే షాపులో కొన్నాం. కరెంటు పోయి చెడిందని ఫోనులో చెప్పి అడిగితే, మరుసటి ఆదివారం దుప్పట్లో చుట్టి స్కూటరు వెనక కట్టుకొచ్చాడు.

చిప్పు పీకడానికి కింది వాటాలో ఉండే టీవీ మెకానిక్‌ను పిలిచాను. అరవై దాటిన మనిషి, అందరికీ చాచా. కంప్యూటరు ఎప్పుడూ ముట్టలేదు.

"ఏమప్పా, కరెంటు నడుస్తాంటే పీకల్లా?" అన్నాడు.

"అవును చాచా. మీ చెయ్యి వణకదు గదా."

"చెయ్యి వణకదు. కండ్లే శానా తక్కువయినాయి. నువ్వు టార్చి పట్టుకో."

నా భార్య దగ్గర రెండు పెద్ద సూదులడిగి, మొనలు కాల్చి వంచి, మిగతాదంతా ఇన్సులేషన్ టేపు చుట్టాడు. ఈసారి రెండు బోర్డుల అంచులూ చూశాను, నంబరు ఒకటే. స్నేహితుడి కంప్యూటరును ఫ్లాపీతో లేపి, అతని చిప్పులో ఉన్నదాన్ని కాపీ తీసుకున్నాను. ఇక పీకడమే. అప్పుడు స్నేహితుడు అడిగాడు.

"ఇప్పుడు కరెంటు పోతే నాది కూడా నీ దాని మాదిరే అయితాది గదా?"

అతని ముఖం చెమట పట్టి ఉంది. అబద్ధం నాది, దాని భయం మాత్రం అతనిది.

"ఆ పొద్దు కరెంటు పోలేదురా. తప్పు ఫైలు ఎక్కించినా. వద్దేమో అని అది అడిగినా ఇనలేదు."

అతను తన కంప్యూటరు వైపు చూశాడు. టీ గ్లాసులతో వచ్చిన నా భార్య గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

"ఇప్పుడెక్కించేది సరైందేనా?" అన్నాడు చివరికి.

"నీ చిప్పులోదే."

"అట్లయితే కానీ."

చాచా రెండు మూలల్లో సూదులు దూర్చి, ఊపిరి బిగబట్టి ఒక్కసారి పైకి లేపాడు. బొటనవేలి గోరంత చిప్పు. తెర ఆరలేదు. నా చిప్పు అక్కడ పెట్టి రాశాం. తరువాత రెండూ ఎక్కడివక్కడ బిగించాం. నా కంప్యూటరు లేచింది, పాత బయాస్‌తోనే. డిస్కు మళ్లీ సగమే కనపడింది.

టీ తాగాక నా భార్య స్నేహితుడితో, "అన్నా, ఇంత నమ్మి తెచ్చినారు" అంది. ఆ రోజంతా నాకు ఆ మాటే గుచ్చుకుంటూ ఉండింది.

సాయంత్రం ఓర్వకల్లు నుంచి ఫోను వచ్చింది. "దోవలో గుంతలకు ఏమైతాదో అనుకుంటి. వేస్తానే లేచిందప్పా" అన్నాడు. అది విన్నాకే అన్నానికి కూర్చున్నాను.