ఒక్క మల్బరీ ఆకు

మదనపల్లె బడిలో సైన్సు పాఠాలు చెప్పి పుంగనూరు బస్సెక్కినప్పుడు, ఎవరి మోపులోంచో కోసిన మల్బరీ ఆకు వాసన వస్తే ఇప్పటికీ తలొంచుకుంటాను.

చిన్నప్పుడు ఇంట్లో పట్టుపురుగులు పెంచేవాళ్లం. ద్రౌపది గిన్నెకు అంటుకున్న ఆకుకూర ముక్క కృష్ణుడు తింటే మునులందరికీ కడుపు నిండిపోయిందని అవ్వ కథ చెప్పింది. ఆ వారమే అమ్మానాన్నలు కుప్పంలో పెళ్లికి పోతూ పురుగులకు మేత వేయమని నాకు అప్పగించారు, అవ్వకు చూపు ఆనదు గనక. నేను కృష్ణుడి పటం ముందు ఒక్క ఆకు పెట్టి, దండం పెట్టుకుని, ఆటకు పోయాను.

మూడోనాడు అమ్మానాన్నలు తిరిగొచ్చేసరికి తట్టల్లో కొన్ని పురుగులు తలలెత్తి ఆకు కోసం వెతుకుతున్నాయి. చాలావాటిలో కదలిక లేదు.

పటం ముందు ఆకు ఎందుకు పెట్టానో చెప్పాను. నాన్న అవ్వ వైపు తిరిగాడు.

"పురుగు కడుపు ఆకుతో నిండాల గానీ కతతో నిండుతాదామ్మా? బిడ్డకు యాల చెప్తావు ఇట్టాంటివి?"

అవ్వ కథలు మానలేదు. కానీ హనుమంతుడు సముద్రం మీదికి ఎగరబోయే ప్రతిసారీ ఆగి, నా చెయ్యి తడిమి, "ఇది వట్టి కతే పాపా, నిజమనుకోబాక" అనేది.

హనుమంతుడు ఎగిరాడనే ఆమె నమ్మకం. అవ్వ నోట నేను విన్న అబద్ధం అదొక్కటే. అదీ నా కోసమే.