సుబ్బులమ్మ కనుక్కున్న నీళ్లదారి

మార్కాపురం కర్నూలు జిల్లాలో ఉన్న రోజుల్లో, పలకల గనులకు పోయే దారిలో ఒకే వరుసన మూడిళ్లు ఉండేవి. నిజానికది ఒక్క ఇల్లే. అన్నదమ్ములు ముగ్గురూ వేరుపడినప్పుడు మధ్యలో గోడలు లేచాయి. పైన అన్నీ పంచుకున్నారు గానీ, నేల కింద తూము మాత్రం ఒకటే మిగిలింది. మూడు వంటిళ్ల నీళ్లూ, మూడు జాలార్లలో స్నానాల నీళ్లూ ఆ బండల తూములో పడి, ఎగువనున్న మీదింటి నుంచి నడిమిల్లూ కిందిల్లూ దాటి వీధికాలువకు చేరేవి. అది కట్టించిన ముసలాయన పోయి ఇరవై ఏళ్లు. అది ఎక్కడ వంపు తిరుగుతుందో, ఎంత లోతున ఉందో చెప్పగలవాళ్లు ఎవరూ మిగల్లేదు.

నడిమింటి కోడలు వెంకటసుబ్బులమ్మ. అందరూ సుబ్బులమ్మ అనేవాళ్లు. తర్లుపాడు దగ్గర గొర్రెలూ మెట్టపొలమూ ఉన్న ఇంట్లో పుట్టింది. నెమరువేసే గొర్రెకు మేత మళ్లీ నోట్లోకి ఎట్లా వస్తుందో తెలుసుకోవాలని, చిన్నతనంలో ఒక పూటంతా దాని గొంతు మీద చెయ్యి వేసుకుని కూర్చున్న మనిషి. అత్తవారింట ఆ గుణం బయటపడటానికి తొమ్మిదేళ్లు పట్టింది.

పంతొమ్మిది వందల ముప్పై ఏడో సంవత్సరం ఎండాకాలంలో ఒక పొద్దున జాలారిలో నీళ్లు పైకి పొంగాయి. వానల్లేవు. ఇంట్లో ఎవరూ స్నానానికి లేవలేదు. మురుగు వాసన వసారా దాకా కొట్టింది. అత్త సరస్వతమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని కొడుకును లేపింది. సుబ్బులమ్మ భర్త బ్రహ్మం వెళ్లి బండల పనిచేసే యల్లయ్యను పిలుచుకొచ్చాడు. యల్లయ్య గడ్డపార మొనతో అక్కడా ఇక్కడా తట్టి, వంటింటి నుంచి వీధి దాకా బండలన్నీ లేపాల్సిందేనని తేల్చాడు. ఎనిమిది రోజుల పని, పొయ్యి బయట పెట్టుకోవాలి. పామూరులో ఒప్పుకున్న పని ముగించుకుని ఐదోనాడు వస్తానని చెప్పి పోయాడు.

ఆ లోపల నీళ్లు తోడిపోయడం సుబ్బులమ్మ వంతయింది. తోడుతూ ఉంటే ఆమెకొక సంగతి తోచింది. చెంబులోకి వచ్చే నీళ్లు తెల్లగా, బియ్యం కడిగినట్టు ఉన్నాయి. మధ్యలో తోటకూర కాడల ముక్కలు. తమ ఇంట్లో మూడు రోజులుగా సంగటీ మజ్జిగే. బియ్యం ఎవరు కడిగారు? తోటకూర ఎవరు తరిగారు? గోడకవతల మీదింట్లో కృష్ణవేణమ్మకు ఆ పొద్దు అల్లుడు వచ్చి ఉన్నాడు.

అంటే మీదింటి నీళ్లు తమ దగ్గర దాకా వచ్చి ఆగిపోతున్నాయి. మరి కిందింటివో?

ఆ ప్రశ్న పుట్టాక ఆమెకు చేతిలో పని సాగలేదు. వీధికాలువలు ఊడ్చే ఎలీషబా మరుసటి పొద్దున చీపురుతో రాగానే ఎదురుపోయి, తూము మూతి దగ్గర కాసేపు కూర్చోమని అడిగింది. ఎందుకో చెప్పింది. ఎలీషబా నవ్వలేదు. ఆ మూతిలో మూడు నెలలుగా నీళ్లు సన్నగా వస్తున్నాయని తను గమనించిందట. అడిగినవాళ్లు లేరు కాబట్టి చెప్పలేదట.

సుబ్బులమ్మ మీదింటి జాలారిలో పసుపు కలిపిన నీళ్లు రెండు బిందెలు పోయించింది. కిందింట్లో బట్టలకు పెట్టే నీలిమందు కలిపి పోయించింది. తమ జాలారిలో గడపలకు పూసే ఎర్ర జాజు కలిపి తనే పోసింది. కృష్ణవేణమ్మ ఇదేం తంతు అని గొణిగినా, చూద్దామని గోడ మీదుగా తొంగి చూస్తూ నిలబడింది. కాసేపటికి వీధిలోంచి ఎలీషబా గొంతు వినపడింది.

“అమ్మా, నీలి నీళ్లు బిరబిరా వచ్చినాయి. ఎరుపూ లేదు, పసుపూ లేదు.”

అదే సమయానికి నడిమింటి జాలారిలో ఎర్రనీళ్ల మధ్యలోంచి పసుపు తేలుతూ పైకి వస్తోంది. సుబ్బులమ్మ గొంతుక్కూర్చుని దాన్ని అట్లాగే చూసింది. మురుగని గుర్తురాలేదు. కిందింటి తూము బాగుంది, అడ్డం పడింది తమ జాలారికీ కిందింటికీ మధ్యలోనే. అంత దూరాన్ని ఇంకా తగ్గించే ఉపాయం ఎలీషబా చెప్పింది. వెదురు బద్దలు ఒకదానికొకటి కట్టి మూతిలోంచి లోపలికి తోసింది. ఒకచోట బద్ద మెత్తగా ఆగింది. రాయికి తగిలితే టక్కుమంటాది, ఇది మెత్తగా ఉందమ్మా అన్నది. మూతి దగ్గర బద్దకు గుడ్డపీలిక కట్టి బయటికి లాగి, మూతి నుంచి పెరటివైపు గోడ వెంబడి అదే పొడవు నేల మీద పరిచింది. బద్ద కొస నడిమింటి వంటింటి గోడ దగ్గర, సరస్వతమ్మ పూజకు పూలు కోసుకునే గన్నేరు చెట్టు మొదట్లో ఆగింది.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

ఐదోనాడు వచ్చిన యల్లయ్య ఈ లెక్క విని తల అడ్డంగా ఊపాడు. అయినా బ్రహ్మం చెప్పడంతో వంటింట్లో గోడ పక్కన ఒక్క బండ లేపాడు. కింద తూము నిండా ఎర్రటి వేళ్లు, జడలాగా అల్లుకుని ఉన్నాయి. యల్లయ్య వెనక్కి జరిగాడు. మురుగులో చెయ్యి పెట్టడం తన పని కాదన్నాడు. ఎలీషబాను పిలవమన్నాడు. పెరటి వాకిలి అవతల నిలబడి ఉన్న ఎలీషబా కదల్లేదు. వంటింట్లోకి ఆమె అడుగు పెట్టడానికి సరస్వతమ్మ ఒప్పుకోదని అందరికీ తెలుసు.

సుబ్బులమ్మ చీర కుచ్చెళ్లు దోపుకుని నేల మీద పడుకుంది. భుజం దాకా చెయ్యి లోపలికి పెట్టింది.

“ఏందే ఆ పని?” అన్నది సరస్వతమ్మ.

“లోపల ఎట్ల ఉందో చూడాల అత్తా.”

సుబ్బులమ్మ ఆ వేళ్ల జడను పట్టుకుని లాగబోయింది. “లాగబాకండమ్మా, తెగి లోపలే ఉంటాది. తిప్పండి, తాడు పేనినట్ల,” అని ఎలీషబా వాకిట్లోంచి చెప్పింది. సుబ్బులమ్మకు అది సరిగా అర్థం కాలేదు. “నువ్వొచ్చి చూపీ,” అన్నది, తల ఎత్తకుండానే.

సరస్వతమ్మ లేచి ముందు వసారాలోకి వెళ్లిపోయింది. ఎలీషబా కాళ్లు దులుపుకుని లోపలికి వచ్చింది. ఇద్దరూ రెండు పక్కల పడుకుని తిప్పారు. నిలువెత్తు వేళ్ల కట్ట ఒక్కసారిగా ఊడి వచ్చింది. జాలారిలో నిలిచిన నీళ్లు గుడగుడమని దిగిపోయాయి. బండల మధ్య సున్నం రాలిపోయిన సందులోంచి వెంట్రుకంత వేరు దూరిందని, లోపలి తడికి అంత లావు అయిందని సుబ్బులమ్మ వేలితో తడిమి కనుక్కుంది.

యల్లయ్య సందుకు గచ్చు పూశాడు. లేపిన బండకు ఇనుపకడియం ఒకటి బిగించమని సుబ్బులమ్మ పట్టుబట్టింది, ఏడాదికోసారి తీసి చూసుకోవడానికి. గన్నేరు చెట్టును కొట్టెయ్యాలన్నప్పుడు మాత్రం సరస్వతమ్మ పోయి చెట్టు కింద నిలబడింది. కడకు తనే ఒక కొమ్మ విరిచి దూరంగా ప్రహరీ మూలన నాటించింది. కోడలితో మామూలుగా మాట్లాడటానికి ఆమెకు వారం పట్టింది. ఆ వారంలో వంటిల్లు మూడుసార్లు కడిగించింది. ఎలీషబా మళ్లీ ఆ వంటింట్లోకి రాలేదు. సుబ్బులమ్మ మాత్రం వీధి అరుగు మీద ఆమె పక్కన కూర్చోవడం మానలేదు.

ఆ సంగతి వీధివీధికీ పాకింది. తర్వాతి పదేళ్లలో ఎవరింట తూము పూడినా, బండలు లేపేముందు సుబ్బులమ్మను పిలిచేవాళ్లు. ఆమె ఎలీషబాను కూడా రమ్మంటేనే వస్తాననేది. కొందరు అక్కడే ఆగిపోయారు, కొందరు ఒప్పుకున్నారు. ఒప్పుకున్న ఇళ్లలో ఒక్క బండకు మించి లేపాల్సిన పని ఎప్పుడోగాని పడలేదు.

ఒక్క ఇల్లు మాత్రం ఆమెకు అంతుపట్టలేదు. బజారు దగ్గర ఒక పాత ఇంట్లో ఎన్ని బిందెలు పోసినా నీళ్లు చల్లగా దిగిపోయేవి. వీధికాలువలో చుక్క కూడా తేలేది కాదు. పక్కిళ్లలో చూశారు, వెనక దిబ్బ దగ్గర చూశారు, మూడు రోజులు ఇద్దరూ కాపలా కాశారు. ఇంటాయనకు బాధేమీ లేదు. పూడని తూముకు వైద్యమెందుకమ్మా, పోనిమ్మన్నాడు. సుబ్బులమ్మ సరేనని వచ్చేసింది గానీ, బజారుకు పోయినప్పుడల్లా ఆ ఇంటి ముందు నడక నెమ్మదయ్యేది.

“యాడికి పోతుంటాయి ఎలీషబా, ఆ నీళ్లు?” అని అడిగేది.

“ఈసారి నువ్వులనూనె పోసి చూద్దామమ్మా, జిడ్డు యాడ తేలితే ఆడికే పోతున్నట్టు,” అనేది ఎలీషబా.