పళ్లెంలో బిళ్లలు

కవిటి దగ్గర కొబ్బరితోటల నడుమ ఉన్న ఆ ఊళ్లో దుర్గాదేవికి నోటిదురుసు మనిషని పేరు. ఆ పేరు ఊరికే రాలేదు. కాశీబుగ్గలో జీడిపిక్కలు కొట్టే రోజుల్లో, ఆడవాళ్లకు మరుగుదొడ్డి కట్టించేదాకా యజమానికి కంటిమీద కునుకు లేకుండా చేసింది. మొగుడు పోయాకైనా నోరు తగ్గుతుందనుకున్నారు గానీ, తగ్గలేదు.

అయితే అమ్మవారి సంబరాలప్పుడు వచ్చినంత కోపం ఆమెకు ఇంకెప్పుడూ రాలేదు. సంబరాల కమిటీ వాళ్లు ఏటా ఇంటింటికీ పసుపు, కుంకుమ పంచుతారు. ఈడొచ్చిన ఆడపిల్లలున్న ఇళ్లకిచ్చే పళ్లెంలో ఈమధ్య ఒక బిళ్లల అట్ట కూడా పెడుతున్నారు. ఊరేగింపులో అమ్మవారి ఘటాలు గుమ్మం ముందుకొచ్చే వేళకు ఏ పిల్లా ముట్టు కాకూడదట, అందుకని నెలసరి వాయిదా వేసే బిళ్లలు. ఏ డాక్టరూ రాయలేదు, ఏ పిల్లనూ అడగలేదు. ఊరిపెద్ద తారకేశ్వరరావు టోకున తెప్పిస్తాడు, తల్లులు కళ్లకద్దుకుని మింగిస్తారు. ఆడపిల్ల నెలసరితో మీసాలవాళ్ల కమిటీకి ఏం పని?

పోయినేడు అవి మింగాక, దుర్గాదేవి చెల్లెలి కూతురు ప్రవల్లికకు నెత్తురు ఆగకుండా పోయింది. బడిలో కళ్లు తిరిగి పడిపోయింది. అమ్మవారి కోపమని తల్లి కృష్ణవేణి పసుపునీళ్లు చల్లింది. దుర్గాదేవి చెల్లెల్ని నాలుగు తిట్టి, పిల్లను ఆటోలో టెక్కలి తీసుకుపోయింది. అక్కడి డాక్టరమ్మ ఏం అడిగినా ప్రవల్లిక పెద్దమ్మ మొహం చూసింది. ఒళ్లు నీది, చెప్పాల్సింది నువ్వేనని డాక్టరమ్మ ఓపిగ్గా కూర్చోబెట్టి అడిగింది. ఒంట్లో రక్తం బాగా తగ్గిపోయిందని, తనను అడగకుండా ఆ బిళ్లలు మళ్లీ ముట్టుకోవద్దని చెప్పి పంపింది.

ఈ ఏడు చెల్లెలింటికి మళ్లీ పళ్లెం వచ్చింది. తారకేశ్వరరావే స్వయంగా తెచ్చాడు. కృష్ణవేణి భయంభయంగా చెయ్యి చాచింది. దుర్గాదేవి గుమ్మానికి అడ్డంగా నిలబడి, కమిటీలో ఒక్కణ్ణీ వదలకుండా కడిగేసింది. వీధి వీధంతా పోగయింది.

తారకేశ్వరరావు నవ్వాడు. “కందకు లేని దురద కత్తిపీటకెందుకే దుర్గీ? మింగీది నువ్వు కాదు గదా.”

దుర్గాదేవి మళ్లీ అందుకోబోయింది. ప్రవల్లిక వెనకనుంచి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

“నువ్వూ ఆగు పెద్దమ్మా. నా ఒంటి సంగతి నాను సెప్తాను.”

పళ్లెంలోంచి పసుపు, కుంకుమ తీసుకుని తల్లికిచ్చింది. బిళ్లల అట్ట తీసి తారకేశ్వరరావు చేతిలో పెట్టింది.

“ఇది నాను మింగను బాబూ. ముట్టొత్తే రానీ. మందు కావాలంటే డాక్టరమ్మని నానే అడుగుతాను.”

దుర్గాదేవికి కళ్లలో నీళ్లు తిరిగాయి. తారకేశ్వరరావు మాత్రం అందరూ చూస్తుండగా ఆ అట్ట పట్టుకుని నిలబడలేకపోయాడు. గబగబా చొక్కా జేబులో కుక్కుకున్నాడు. ఏటేటా ఆడపిల్లల నోట్లో కుక్కించినవాడికి అప్పుడు వచ్చింది సిగ్గు.