దక్షిణపు వాకిలి వద్దన్నవాళ్ళు

మీ ఇంటి వాకిలి ఏ దిక్కున ఉండాలో పంచాంగం చూసి తేల్చుకుంటారు సరే, ఆ దిక్కు కోసం ఎవరి ఇల్లు చెరిగిపోయిందో ఎప్పుడైనా అడిగారా?

1955 ఎండాకాలం. మద్రాసులో పేదలకు ఇళ్ళు కట్టే ఒక కార్యాలయంలో నేను డ్రాఫ్ట్స్‌మన్‌ని, అంటే పటాలు గీసేవాణ్ణి. తొండియార్‌పేటలో హార్బరు కూలీల గుడిసెలున్న పల్లం పక్కనే కొంత మెరక దొరికింది. వానలు పడితే ఆ గుడిసెల్లో మోకాటి లోతు నీళ్ళు. అందరికీ ఇళ్ళు వచ్చేలా నేనే లేఅవుట్ గీశాను. ఇళ్ళూ దారులూ కాలువలూ ఎక్కడ రావాలో చూపే పటం అది. ఇల్లు చవక అయ్యేది ఇటుకల దగ్గర కాదు, ఆ పటంలోనే. రెండు వరసలు ఎదురెదురుగా పెడితే ఒకే సందు, ఒకే కాలువ, ఒకే నీళ్ళ గొట్టం రెండింటికీ సరిపోతాయి. స్థలం తూర్పు పడమరలుగా పొడుగు. కనుక ఒక వరస ఉత్తరం చూస్తే రెండోది దక్షిణం చూడక తప్పదు.

గొడవంతా అక్కడే. కూలీల పెద్ద మునుస్వామి మేస్త్రీ కొందరిని వెంటబెట్టుకుని మా ఇంజనీరు దగ్గరికి వచ్చాడు. దక్షిణపు వాకిలి యముడి వాకిలి, అందులో కాలు పెట్టేది లేదన్నాడు. ఇంజనీరుగారు ఇంగ్లండులో చదివొచ్చిన మనిషే, కానీ తన ఇంటి వాకిలిని కూడా జోస్యుడి మాట మీద మార్పించుకున్నాడు. అన్నీ ఉత్తరానికే తిప్పి మళ్ళీ గీయమన్నాడు. అంటే ప్రతి వరసకూ వేరే సందు, వేరే కాలువ. స్థలమూ డబ్బూ చాలక సగం కుటుంబాలు ఇక గుడిసెల్లోనే.

"జనం వద్దంటే మనమేం చేస్తామయ్యా?" అన్నాడు.

ఏ జనం? నేను గుడిసెల దగ్గరికి పటం తీసుకుపోలేదు, సున్నమూ మేకులూ తీసుకుపోయాను. పాత లేఅవుట్‌నే అసలు కొలతలతో నేల మీద గీయించి అందరినీ పిలిచాను. మేస్త్రీ మాట నెగ్గితే దక్షిణం చూసే ఈ ఇళ్ళు ఉండవని చూపించాను.

అప్పుడు బొగ్గు గంపలు మోసే నాగమ్మ ముందుకొచ్చింది. గీత దాటకుండా, వాకిలికి వదిలిన ఖాళీలోంచి లోపలికి నడిచి నడిమధ్యన కూర్చుంది.

"అది యముడి వాకిలి, లెయ్యి నాగమ్మా" అన్నాడు మేస్త్రీ.

"ఆయప్పకు వాకిలి కావాల్నా మేస్త్రీ? పోయిన వానల్లో నా మొగుడి కోసం వచ్చినాడే, ఏ దిక్కున వచ్చినాడో నువ్వు చూసినావా? నా గుడిసెకు తలుపే లేదు. ఈడ తలుపన్నా ఉంటాది. వేసుకుంటా."

ఎవరో నవ్వారు. తర్వాత ఒక్కొక్కరే వచ్చి ఆ వరస నిండా కూర్చున్నారు. మర్నాడు ఇంజనీరుగారికి జరిగింది చెప్పి, "జనం కావాలంటున్నారు సార్, ఇప్పుడేం చేద్దాం?" అని అడిగాను. ఆయన పాత పటం మీదే సంతకం పెట్టాడు.

ఇళ్ళు లేచాక వచ్చిన మొదటి ఎండాకాలంలో మునుస్వామి నన్ను పక్కకు పిలిచాడు. "మా ఇంటిది పోరుతా ఉండాది సార్. ఆ వరసలో గాలి బాగా కొడతాదంట. ఆడ ఒకటి దొరుకుతాదా?" నాగమ్మనే అడగమన్నాను.

మూఢనమ్మకం ఇంట్లో ఉంటే నష్టం నమ్మినవాడిది. నగరం పటంలోకి ఎక్కితే, దాన్ని నమ్మడానికి కూడా తీరిక లేనివాడిది. మీ పేటలో ఇళ్ళ ప్లాను తయారవుతోందా? వెళ్ళి చూపించమనండి. ఏ వరస ఎవరి మాట మీద చెరిపారో అడగండి. జవాబు చెప్పకపోతే నాగమ్మలా అక్కడే కూర్చోండి.