వెనక నుంచి వచ్చిన గొంతు

జహీరాబాదులో బాస్కెట్‌బాల్ చూసిన పాతవాళ్ళు నాకు వీపున కళ్ళుండేవని ఇప్పటికీ చెబుతారు. అది నిజం కాదని ఒకసారి మైకులో చెప్పాను. అయినా ఆ మాట పోలేదు. అందుకే రాస్తున్నాను.

డెబ్బైల చివర్లో ఊరి బయటి ఫ్యాక్టరీ వాళ్ళు ఆట కోసమే నన్ను పనిలో పెట్టుకున్నారు. పొద్దున గేటు దగ్గర సంతకం, సాయంత్రం ఎర్రమట్టి కోర్టులో ప్రాక్టీసు. బాస్కెట్ వేయడం నాకు పెద్దగా రాదు. అవతలి జట్టులో బాగా వేసేవాడిని వేయనీయకుండా అంటిపెట్టుకుని ఉండటమే నా పని. ఆ పని నాకు చాలా ఇష్టం. ఎదుటివాడికి విసుగు పుట్టి బంతిని ఇంకొకడికి ఇచ్చేస్తే, ఆ రాత్రి అన్నం ఇంకో ముద్ద ఎక్కువ తినేవాడిని.

ఈ ఆటలో ఒక చిక్కు ఉంది. నేను కాపలా కాసేవాడిని విడిపించడానికి వాళ్ళ మనిషే ఒకడు వచ్చి నా దారిలో స్తంభంలా నిలబడతాడు. నా కళ్ళు ఎదుటివాడి నడుం మీదే ఉంటాయి కాబట్టి ఆ స్తంభం నాకు కనబడదు. రింగు కింద నిలబడే మావాడికి మాత్రం కోర్టంతా కనబడుతుంది. అతనిది దగ్గర్లోని కోహీర్. ఇంట్లో మాట్లాడేది కన్నడం. నాలాగే టెంపరరీ. అక్కడి నుంచి అతను అరిచేవాడు: "ఎడ", "బల", "హిందె". ఎడమకు, కుడికి, వెనక. తెలుగులోనో ఉర్దూలోనో అరిస్తే హైదరాబాదు వాళ్ళకు అర్థమైపోతుందని కన్నడంలో అరవడం అతని ఉపాయమే. నేను ఆలోచించకుండా ఆ గొంతు చెప్పిన వైపు జరిగేవాడిని.

ఒక ఏడాది హైదరాబాదులో ఫైనల్ ఆడాం. వాళ్ళలో గొప్ప ఆటగాడిని నాకు అప్పగించారు. రెండో సగంలో అతను ఒక్కటీ వేయలేకపోయాడు. గెలిచాం. మా ఆఫీసరు వచ్చి నా భుజం తట్టాడు.

"మనిషి ఎన్కనుంచి వస్తుంటే ఎట్ల తెలుస్తదయ్యా నీకు? వీపుకు కండ్లున్నయా ఏంది?"

"అలవాటయింది సార్" అన్నాను.

పక్కనే బెంచీ మీద కోహీరాయన బూట్ల తాడు విప్పుకుంటున్నాడు. తల ఎత్తలేదు.

తిరుగు బస్సులో నా వెనక సీట్లో కూర్చున్నాడు. కొంతదూరం పోయాక అన్నాడు: "ఏం భయ్, వీపుకు కండ్లున్నయంట గద. నా పల్లీల పొట్లం ఏడుందో జర చూసి చెప్పు."

బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను.

ఆ ఏడు పర్మనెంటు చేసింది ఒక్కరినే, నన్ను. మరుసటి వానాకాలం అతను పని మానేసి కోహీర్‌లో అల్లం వేసుకున్నాడు. అతను లేని మొదటి మ్యాచిలో స్తంభంలా నిలబడ్డవాడికి ఎదురొమ్ముతో గుద్దుకుని పడ్డాను. నాకు వయసు మీద పడిందన్నారు. కాదని నాకు తెలుసు. రింగు కిందికి వచ్చిన కొత్తవాడికి ఆ మూడు కన్నడ మాటలు నేర్పించి, మళ్ళీ నిలదొక్కుకున్నాను. ఎవరు నేర్పారని అడిగితే, మన దగ్గర ఆనవాయితీ అన్నాను.

ఆ ఉద్యోగంతో ఇల్లు కట్టుకున్నాను, పిల్లల్ని చదివించుకున్నాను. ఆడినన్నాళ్ళూ సంతోషంగానే ఆడాను. అబద్ధం ఎందుకు, చాలా రోజులు అతను గుర్తుకు కూడా రాలేదు.

ఎనభైల చివర్లో నాకు వీడ్కోలు మ్యాచి పెట్టారు. మైకులో ఏం చెబుతారో ముందే తెలుసు కాబట్టి ఆ వారం నిద్ర పట్టలేదు. కోహీర్ పోయాను. అతను చేనులో అల్లం మట్టి దులుపుతున్నాడు.

"మ్యాచి ఆడాలె, రా" అన్నాను.

"నాకు ఉరుకుడు చాతనైతదా ఇప్పుడు?"

"ఉరకకు. రింగు కింద నిలబడి ఎడ, బల అని ఒర్లు."

"అది ఇంట్ల రోజు చేస్తున్న. మా ఆమెనడుగు" అంటూ చేతులు కడుక్కున్నాడు.

మ్యాచికి ముందు, అనుకున్నట్టే, పాత ఆఫీసరు వీపు కళ్ళ సంగతి ఎత్తుకున్నాడు. దండ మెడలో ఉండగానే మైకు తీసుకున్నాను. ఆ కళ్ళు కోహీరాయనవని, ఆ రోజు సార్ అడిగినప్పుడు నేను దాచానని, పర్మనెంటు అతనికి రావలసిందని చెప్పాను. తర్వాత ఎవరో చప్పట్లు కొట్టారు. ఆఫీసరు మాత్రం కొట్టలేదు. కోహీరాయన రింగు కింద నుంచి, "ఆట షురూ చెయ్యిన్రి, పొద్దు గూకుతుంది" అని అరిచాడు.

ఆడాం. "హిందె" అని వినబడగానే నా కాళ్ళు వాటంతటవే జరిగాయి.

అయిపోయాక బెంచీ మీద అతని పక్కన కూర్చున్నాను.

"ఇంతమంది ముంగట చెప్పేటిది లేకుండె" అన్నాడు. "బస్సుల చెప్తే అయిపోతుండె. పటాన్‌చెరు దాటేదాంక చూసిన, చెప్తవేమోనని. గప్పుడడిగిన పల్లీలు."

అతను వంగి బూట్ల తాడు విప్పుకోసాగాడు.